అభిరుచి వడ్రంగానికి టేబుల్ సా: రివింగ్ నైఫ్ లేనిది చవకగా వచ్చినా వద్దు

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్క పని చేసుకునేవాళ్ళు మన నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో ఇప్పుడు అరుదు కాదు. నేనూ వాళ్ళలో ఒకడిని. పిల్లల చదువుబల్ల, పూజ గదికి పీఠం, పుస్తకాల అలమర వంటివి సొంత చేతులతో చేసుకోవాలన్న కోరిక ఎంతో మంచిది. అయితే ఉలి, చిత్రిక, చేతి రంపంతో కొంతకాలం సాధన చేసిన ప్రతి ఒక్కరికీ నిలువు కోత దగ్గర పని నిలిచిపోతుంది. ఆరడుగుల టేకు పలకను నిలువునా చీల్చి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వెడల్పు ఒక్కటే వచ్చేట్టు చూడడం చేయి తిరిగిన మేస్త్రీకే శ్రమతో కూడిన పని. అక్కడే టేబుల్ సా, అంటే బల్ల మధ్య కంతలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషను, కొనాలన్న ఆలోచన మొదలవుతుంది. అలా ఆలోచన వచ్చిన మిత్రులు నన్ను అడిగేవి దాదాపు ఎప్పుడూ మూడే ప్రశ్నలు: మోటారు ఎన్ని హార్స్‌పవర్, బ్లేడు ఎన్ని అంగుళాలు, ధర ఎంత. అవీ తెలుసుకోవలసినవే. కానీ తక్కువ డబ్బులో మిషను ఎంచుకునేవారు వాటికంటే ముందు బ్లేడు వెనక నిలిచే రివింగ్ నైఫ్‌ను, బ్లేడు మీద కప్పే గార్డును, చెక్కను నడిపించే గైడును, కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను ఆన్ కాని స్విచ్చిని చూడాలి. ఇవి సక్రమంగా ఉన్న చిన్న మిషను, ఇవి లేని పెద్ద మిషను కంటే అన్ని విధాలా మేలని నా గట్టి నమ్మకం. ఈ మాట నలుగురి చెవినా పడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా, మన ప్రాంతంలో అతి చవకైన మార్గంగా చెలామణీ అవుతున్న దాని గురించి చెప్పాలి. టైల్సు కోసే నాలుగంగుళాల హ్యాండ్ కట్టర్‌ను తలకిందులు చేసి, ప్లైవుడ్ బల్లకో ఇనుప రేకు బల్లకో అడుగున బిగించి, కంతలోంచి బ్లేడును పైకి తేల్చి, దాన్నే టేబుల్ సా అని వాడుతున్నారు. కొత్త ఇళ్ళకు చెక్క పని జరుగుతున్న ఏ వీధిలో చూసినా ఇది కనిపిస్తుంది. రోజూ దాని మీద పని చేసి కుటుంబాలను పోషించుకునే మేస్త్రీల నేర్పును నేను తక్కువ చేయడం లేదు. అయితే వారానికి ఒకసారి మిషను ముట్టుకునే మనబోటివారికి అంతకంటే ప్రమాదకరమైన ఎంపిక ఉండదు. ఆ కట్టర్ నిమిషానికి సుమారు 12 వేల చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన 110 మిల్లీమీటర్ల బ్లేడు అంచు వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. చేత్తో పట్టుకుని వాడడానికి తయారైన పనిముట్టు కాబట్టి, తలకిందులు చేసినప్పుడు దాని రేకు గార్డు బల్ల కిందికి పోతుంది, పైకి వచ్చిన బ్లేడుకు ఏ కప్పూ ఉండదు. స్విచ్చిని లాక్ చేసో తీగ చుట్టో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతారు గనుక, ఏదైనా జరిగినప్పుడు ఆపాలంటే గోడ దగ్గరి ప్లగ్గు దాకా చేయి చాచాలి. పైగా బల్ల మందం 12 మిల్లీమీటర్లు పోగా కోతకు అంగుళం లోతు కూడా మిగలదు. రెండంగుళాల పట్టెను ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి కోస్తే రెండు కోతలూ మధ్యలో కలవవు. డబ్బు తక్కువైందని ఈ దారి పట్టేవారికి నేను చెప్పేది ఒకటే: ఇంకొన్నాళ్ళు చేతి రంపంతోనే పని చేయండి, నిలువు కోతలు సామిల్లులోనో తెలిసిన మేస్త్రీ దగ్గరో చేయించుకోండి, డబ్బు కూడాక సరైన మిషను కొనండి. ఇనుము కోసే చేతి గ్రైండర్‌కు చెక్క బ్లేడు బిగించి కోసేవారూ ఉన్నారు. దాని జోలికి అసలే పోవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

రివింగ్ నైఫ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టేబుల్ సా బ్లేడుకు మన వైపున్న పళ్ళు పై నుంచి కిందికి దిగుతూ, చెక్కను బల్లకు అదిమి కోస్తాయి. అటువైపు పళ్ళు బల్ల అడుగు నుంచి పైకి లేచి మన మీదికే తిరిగి వస్తుంటాయి. కోత సాఫీగా సాగినంతసేపు ఆ వెనక పళ్ళు అప్పటికే తెగిన గాడిలో ఊరికే తిరుగుతాయి. గాడి మూసుకుపోయి చెక్క బ్లేడును నొక్కినా, చెక్క గైడును వదిలి పక్కకు జరిగి వెనక పళ్ళకు తగిలినా, ఆ పళ్ళు దాన్ని పట్టి పైకి లేపి మన మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. పదంగుళాల బ్లేడు నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతోందనుకుంటే దాని అంచు వేగం సెకనుకు 60 మీటర్లు, అంటే గంటకు 215 కిలోమీటర్లు. అంతటి విసురుతో వచ్చిన చెక్క పొట్టకో ఛాతీకో తగలడం ఒక ప్రమాదమైతే, అంతవరకూ చెక్కను నెడుతున్న చేయి ఆసరా తప్పి బ్లేడు మీద పడడం ఇంకా పెద్ద ప్రమాదం. రెప్పపాటులో జరిగిపోయే దీన్ని బలంతో గానీ జాగ్రత్తతో గానీ ఆపగలమనుకోవడం వట్టి భ్రమ. రివింగ్ నైఫ్ అనేది బ్లేడు వెనక, బ్లేడు వంపును అనుసరిస్తూ, దానికి కొద్ది మిల్లీమీటర్ల ఎడంలో నిలిచే ఉక్కు రేకు. గాడి మూసుకోకుండా అది మధ్యలో నిలబడుతుంది, చెక్కను వెనక పళ్ళకు తగలనివ్వదు. బ్లేడును పైకి లేపినా, దించినా, పక్కకు వాల్చినా అది బ్లేడుతోపాటే కదలాలి. పాత మిషన్లలో ఉండే స్ప్లిట్టర్ అలా కాదు. అది ఒకేచోట నిలిచి ఉంటుంది, బ్లేడు దించినకొద్దీ రెండింటి మధ్య ఎడం పెరిగిపోతుంది. కొనేటప్పుడు హ్యాండిల్ తిప్పి ఈ తేడాను కళ్ళారా చూసుకోవాలి. అమెరికాలో కొత్తగా రూపొందించే టేబుల్ సాలకు రివింగ్ నైఫ్ ఉండాలన్న ప్రమాణం 2008లో అమలులోకి వచ్చింది. యూరప్‌లో అంతకు చాలాముందు నుంచే ఇది వాడుకలో ఉంది. కాబట్టి ఇవాళ ఏ కంపెనీ అయినా ఇది లేకుండా కొత్త మిషను అమ్ముతున్నదంటే, మిగతా భాగాల్లోనూ ఖర్చు తగ్గించుకునే ఉంటుందని అనుకోవచ్చు.

మన జిల్లాల్లో దీని అవసరం మరీ ఎక్కువ అనడానికి కారణం మనకు దొరికే కర్ర. వీడియోల్లో విదేశీయులు కోసి చూపే పలకలు యంత్రాల్లో ఆరబెట్టి, నాలుగు వైపులా చిత్రిక పట్టినవి. మనం కోసేది అడితి నుంచి తెచ్చిన సైజు కర్ర, లేకపోతే పెరట్లో గాలికి పడిన వేప చెట్టును సామిల్లులో పలకలు తీయించి గోడకు ఆనించి పెట్టుకున్నది. వేపకు నార ఒకదానికొకటి ఎదురుగా మెలిక పడి ఉంటుంది. మామిడి సరిగా ఆరకపోతే వంకర పోతుంది. తుమ్మ చేవ గట్టిదనం రైతులందరికీ తెలిసినదే. ఇలాంటి పలకను నిలువునా చీల్చేటప్పుడు లోపలి బిగువు వదిలి, తెగిన రెండు సగాలూ బ్లేడు వెనక ఒకదానివైపు ఒకటి వంగి గాడిని మూసేయడం నేను ఎన్నోసార్లు చూశాను. నైఫ్ ఉన్న మిషను మీద ఆ సగాలు ఉక్కు రేకును పట్టుకుని ఆగిపోతాయి. మోటారు ఆపి, గాడిలో చిన్న చెక్క చీలిక దూర్చి తక్కిన కోత పూర్తి చేసుకోవచ్చు. నైఫ్ లేని మిషను మీద అదే చెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో చెక్క తేమ పీల్చుకుని ఈ గుణం ఇంకా ముదురుతుంది. ఎలాంటి కర్రనైనా ముందు ఒక ముఖాన్ని, ఒక అంచును చిత్రికతో సాపు చేసి, సాపు ముఖాన్ని బల్లకూ సాపు అంచును గైడుకూ ఆనించాకే కోతకు పెట్టాలి. పలక సాపుగా ఉందో ఊగుతోందో చూసుకోవడానికి చీమకుర్తి గ్రానైటు పాలిష్ ముక్క ఒకటి దగ్గర ఉంచుకుంటే చాలు. ప్రకాశం జిల్లాలో అటువంటి ముక్కలకు కొదవ లేదు.

ఇంత ముఖ్యమైన భాగాన్ని అమ్మేచోటే పక్కన పెట్టేస్తున్నారన్నది నా ఫిర్యాదు. ఈ మధ్య ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన మిషనుకు గార్డూ లేదు, నైఫూ లేదు. అడిగితే అక్కడి కుర్రవాడు, "అవి పెట్టెలోనే ఉంటాయి సార్, పనికి అడ్డమని ఎవరూ బిగించుకోరు" అన్నాడు. బిగించి చూపించమంటే, వాటిని పట్టి ఉంచే మీట ఎక్కడుందో అతనికి తెలియలేదు. తప్పు ఆ కుర్రవాడిది కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు. గార్డు అడ్డం వచ్చే కోతలు కొన్ని ఉన్నమాట నిజమే. చెక్కను పూర్తిగా తెగనీయకుండా గాడి మాత్రమే తీయవలసి వచ్చినప్పుడు పైకప్పు తొలగించక తప్పదు. అయితే సరైన రివింగ్ నైఫ్ బ్లేడు పై అంచు కంటే కాస్త కిందికే ఉండేట్టు అమర్చుకోవచ్చు కాబట్టి అలాంటి కోతలోనూ దాన్ని తీయనక్కర లేదు. డబ్బు కట్టే ముందు గార్డును, నైఫ్‌ను బిగించి, తీసి, మళ్ళీ బిగించి చూపించమని పట్టుపట్టండి. దుకాణంలోనే అది కష్టంగా ఉంటే, ఇంటికి వచ్చాక ఆ భాగాలు అటక మీదికి చేరడం ఖాయం.

ఇక గైడు. చెక్కను ఆనించి నెట్టే ఈ పొడవాటి అల్యూమినియం బద్దను కంపెనీల కాగితాల్లో ఫెన్స్ అని రాస్తారు. చవక మిషన్లలో లోపం ముందుగా బయటపడేది ఇక్కడే. దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్గు తీసి, బ్లేడును పూర్తిగా పైకి లేపి, ఒక పంటికి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. గైడును బ్లేడుకు నాలుగంగుళాల దూరంలో బిగించి, గుర్తు పెట్టిన పంటిని మన వైపుకు తెచ్చి గైడు దాకా ఉన్న ఎడాన్ని కొలవండి. తర్వాత బ్లేడును చేత్తో తిప్పి, అదే పంటిని అవతలి వైపుకు తీసుకుపోయి మళ్ళీ కొలవండి. ఒకే పంటిని రెండుచోట్లా కొలుస్తున్నాం కాబట్టి బ్లేడులో కొద్దిపాటి వంపు ఉన్నా అది లెక్కలోకి రాదు. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. వెనక కొలత కాగితం మందమంత ఎక్కువ ఉన్నా ఫరవాలేదు గానీ తక్కువ మాత్రం ఉండకూడదు, ఎందుకంటే అప్పుడు గైడే చెక్కను తీసుకుపోయి వెనక పళ్ళకు ఒత్తుతుంది. ఆ తర్వాత గైడు దూరపు కొసను బొటనవేలితో పక్కకు నెట్టి చూడండి. అది జరిగిందంటే ఆ మిషను మీకు వద్దు, ధర ఎంత తగ్గించినా వద్దు. గైడును పూర్తిగా తీసి మళ్ళీ పెట్టి బిగించినప్పుడు కొలత మారకుండా వస్తోందో లేదో కూడా చూడండి. ముందూ వెనకా పళ్ళపట్టీల మీద రెండు కొసలూ కలిసి నడిచే గైడు, డీవాల్ట్ డీడబ్ల్యూఈ 7492 వంటి మిషన్లలో ఉండేది, ఈ విషయంలో నాకు ఎక్కువగా నచ్చింది. చక్రం తిప్పితే గైడు వాలిపోకుండా బ్లేడుకు సమాంతరంగానే జరుగుతుంది.

గైడుతోపాటు బల్ల మీద ఉండే పొడవాటి గాళ్ళనూ చూడాలి. అడ్డుకోతలో చెక్కను కావలసిన కోణంలో ఆనించి నెట్టే మైటర్ గేజ్ నడిచేది వీటిలోనే. ఇవి 19 మిల్లీమీటర్ల వెడల్పు, 9.5 మిల్లీమీటర్ల లోతు ఉండే సాధారణ కొలతలో ఉంటే, మనమే ప్లైవుడ్‌తో ఈ గాళ్ళలో జారే పీట (స్లెడ్) చేసుకుని అడ్డుకోతలను మూలమట్టానికి సరిపోయేట్టు కోసుకోవచ్చు. కొన్ని చవక మిషన్లలో ఈ గాళ్ళు వింత కొలతల్లో ఉండి ఏ పరికరమూ పట్టదు. మైటర్ గేజ్‌తో చెక్కను నెడుతూ, తెగిపడే కొస గైడుకు తగిలేట్టు ఎన్నడూ పెట్టకూడదు. ఆ ముక్క బ్లేడుకూ గైడుకూ మధ్య చిక్కుకుని ఎగురుతుంది.

మోటారు విషయంలో రెండు రకాలున్నాయి. కార్బన్ బ్రష్‌లతో నడిచేది తేలిక, చప్పుడు ఎక్కువ. ఇంట్లో అటూ ఇటూ జరుపుకోగలిగే మిషన్లన్నీ దాదాపు ఈ రకమే: బాష్ జీటీఎస్ 254, మకిటా ఎంఎల్‌టీ 100, పైన చెప్పిన డీవాల్ట్ ఈ తరగతిలోవే, 1500 నుంచి 2000 వాట్ల శక్తి గలవి. బెల్టుతో నడిచే ఇండక్షన్ మోటారు మిషను బరువు, చప్పుడు తక్కువ, ఎక్కువకాలం మన్నుతుంది, కానీ దానికి శాశ్వతంగా ఒక చోటు కేటాయించాలి. మాగుంట లేఅవుట్ వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఉండేవారు బ్రష్ మోటారు మిషను కొంటే ఇరుగుపొరుగుతో మాటపట్టింపులు తప్పవు, ముందే ఆలోచించుకోవాలి. అభిరుచి పనికి ఎనిమిదింపావు అంగుళాల బ్లేడు చాలదేమోనని చాలామంది బెంగపడతారు. అది రెండంగుళాల పట్టెను ఒకే కోతలో కోస్తుంది. దర్వాజా చట్రాలు కోసి అమ్మే ఉద్దేశం లేనివారికి అంతకంటే ఎక్కువ అక్కర లేదు. పదంగుళాల పేరుతో వచ్చే నాసిరకం మిషను కంటే, మంచి గైడు ఉన్న చిన్న మిషను కొనమనే నేను సలహా ఇస్తాను.

కరెంటు సంగతిలో మన ఇళ్ళ పరిస్థితిని గమనించాలి. 1800 వాట్ల మిషను 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్యాను, లైటు పెట్టుకునే చిన్న ప్లగ్గు దీనికి పనికిరాదు. గీజరుకు వేసినట్టు 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. షెడ్డు దూరంగా ఉంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో ఎక్స్‌టెన్షన్ చేయించుకోవాలి. సన్న తీగ వేస్తే వోల్టేజీ పడిపోయి, మోటారు మూలిగి వేడెక్కుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపకూడదు. అన్నిటికంటే ముఖ్యం స్విచ్చి. కోత మధ్యలో కరెంటు పోతుంది, మనం చెక్కను వెనక్కి తీసే ప్రయత్నంలో చేయి బ్లేడు దగ్గర పెడతాం, అంతలో కరెంటు వస్తుంది. మామూలు స్విచ్చి అయితే బ్లేడు వెంటనే తిరగడం మొదలుపెడుతుంది. నో వోల్ట్ రిలీజ్ స్విచ్చి ఉన్న మిషనులో మనం మళ్ళీ ఆకుపచ్చ మీట నొక్కితే తప్ప తిరగదు. ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు ఉన్న ఊళ్ళలో ఇది విలాసం కాదు. దుకాణంలో మిషను నడుస్తుండగా ప్లగ్గు పీకించి, మళ్ళీ పెట్టించి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అలాగే అమెరికాలో ధర తక్కువని అక్కడి నుంచి తెప్పించుకోవాలనుకునేవారు, అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని గుర్తుంచుకోవాలి. ఆ మిషను ఇక్కడ నేరుగా నడవదు.

బ్లేడుకు డబ్బు విడిగా ఉంచుకోండి. అనుకున్న మొత్తంలో నాలుగో వంతు బ్లేడుకూ, పుష్ స్టిక్ (చేయి బ్లేడు దగ్గరికి పోకుండా చెక్కను నెట్టే కర్ర), మాస్కు, వైరింగు వంటివాటికీ పక్కన పెట్టి, మిగిలినదానికే మిషను చూడాలన్నది నా అభిప్రాయం. మంచి బ్లేడు వేసిన మామూలు మిషను, మొద్దుబారిన బ్లేడు ఉన్న ఖరీదైన మిషను కంటే శుభ్రంగా కోస్తుంది. నిలువు కోతకు 24 పళ్ళది. పళ్ళ మధ్య గుంటలు పెద్దవి కాబట్టి పొట్టు చక్కగా బయటికి పోతుంది. అడ్డుకోతకూ ప్లైవుడ్‌కూ 60 నుంచి 80 పళ్ళది. ఒక్కటే కొనగలిగినవారు 40 పళ్ళది తీసుకోవాలి. టేకులో సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ మొనలున్నదే కొనాలి. మధ్య రంధ్రం 25.4 మిల్లీమీటర్లా, 30 మిల్లీమీటర్లా అన్నది మీ మిషను చూసి నిర్ణయించుకోండి. ఇంకో సంగతి దుకాణదారులు కూడా పట్టించుకోరు: బ్లేడు రేకు మందం నైఫ్ కంటే తక్కువ, పళ్ళు తీసే గాడి వెడల్పు నైఫ్ కంటే ఎక్కువ ఉండాలి. ఉదాహరణకు రేకు 1.8, నైఫ్ 2.2, గాడి 2.6 మిల్లీమీటర్లయితే పొసుగుతుంది. సన్నని బ్లేడు కొని పాత మందపాటి నైఫ్‌ను అలాగే ఉంచితే చెక్క నైఫ్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడు నైఫ్‌దే తప్పనుకుని దాన్ని పీకేస్తారు.

నిజానికి కొందరికి టేబుల్ సాయే అక్కర లేదు. ఎనిమిది నాలుగు ప్లైవుడ్ షీట్లతో అలమరలు చేయడమే మీ పని అయితే, 30 కిలోల పైబడిన షీటును చిన్న మిషను బల్ల మీద ఒంటరిగా నెట్టడం ప్రమాదం. చేతితో పట్టుకునే సర్క్యులర్ సా, తిన్నని అల్యూమినియం గైడు పట్టీ చాలు. అమ్మేచోటే కొలతలకు కోసిచ్చే ప్లైవుడ్ దుకాణాలూ ఉన్నాయి. ఉదయగిరి చెక్క చెంచాలను చూసి ముచ్చటపడి అలాంటివి చేయాలనుకునేవారికి ఉలి, ఆకురాయి, వీలైతే చిన్న బ్యాండ్ సా (పట్టీ రంపం మిషను) సరిపోతాయి. అరచేతిలో పట్టే ముక్కలను టేబుల్ సా మీద పెట్టనే కూడదు.

మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పోత ఇనుము బల్ల త్వరగా తుప్పు పడుతుంది. నెలకొకసారి మైనం రుద్దే ఓపిక లేనివారు అల్యూమినియం బల్ల ఉన్నదే తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ మిషను కోసం చెన్నై ప్యారీస్ కార్నర్ బజారు దాకా వెళ్ళేవారు, బ్లేడు ఇరుసును చేత్తో పట్టి ఊపి బేరింగులు వదులుగా ఉన్నాయేమో చూడాలి. గార్డు, నైఫ్, బ్లేడు చుట్టూ ఉండే ఇన్సర్ట్ పలక లేని మిషనుకు అవి విడిగా దొరుకుతాయన్న మాట నమ్మి డబ్బు కట్టవద్దు. కొత్తదైనా, కార్బన్ బ్రష్‌లూ స్విచ్చీ ఇచ్చే సర్వీసు సెంటరు నెల్లూరులోనో ఒంగోలులోనో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఇక పొట్టు విషయం: చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. మూతికి కండువా చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. లుంగీ, కండువా, వేలాడే చున్నీ, చేతి గ్లౌజులు మిషను దగ్గరికి తేకూడదు.

చర్మం తగిలిన కొన్ని మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేసే మిషన్లు కూడా ప్రపంచంలో ఉన్నాయి. భౌతిక శాస్త్రం చదివిన స్టీవ్ గ్యాస్ అనే పేటెంట్ న్యాయవాది 1999లో ఆ ఆలోచన చేయగా, సాస్టాప్ పేరుతో 2004 నుంచి అవి అమ్మకానికి వచ్చాయి. అల్యూమినియం దిమ్మ ఒకటి ఎగిరి బ్లేడు పళ్ళలో గుచ్చుకుని దాన్ని నిలిపేస్తుంది. మన బడ్జెట్‌లో అది అందే వస్తువు కాదు. అందుకే రివింగ్ నైఫ్, గార్డు, పుష్ స్టిక్ అనే మామూలు రక్షణలను మనం ఇంకా గట్టిగా పట్టుకోవాలి. అంత సంపన్న దేశమైన అమెరికాలోనే టేబుల్ సా బ్లేడు తగిలి ఏటా సుమారు 30 వేల మంది అత్యవసర చికిత్సకు వెళుతున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం అంచనా. వారిలో అభిరుచి కొద్దీ ఇంట్లో పని చేసుకునేవారూ ఉన్నారు.

ఈ సందర్భంగా రెండు విన్నపాలు. మన రెండు జిల్లాల పనిముట్ల వ్యాపారులు ప్రదర్శనకు పెట్టే ప్రతి టేబుల్ సాకూ గార్డు, రివింగ్ నైఫ్ బిగించే ఉంచాలి. అమ్మేముందు వాటితోనే ఒక పలకను కోసి చూపాలి, అందుకు తమ దగ్గర పనిచేసే కుర్రవాళ్ళకు ఒకపూట శిక్షణ ఇప్పించాలి. దీనికి వారికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. రెండవది, కార్పెంటర్ ట్రేడు నేర్పే ఐటీఐలు సెలవు రోజుల్లో బయటివారికి, అభిరుచి ఉన్నవారికీ ఇప్పటికే హ్యాండ్ కట్టర్ బల్లల మీద పని చేస్తున్న యువ మేస్త్రీలకూ కలిపి, రుసుము తీసుకుని అయినా, టేబుల్ సా భద్రత మీద చిన్న తరగతులు నడపాలి. అలాంటి తరగతి మొదలైతే దాని వివరాలను మీ జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.